శాలువా కప్పినవాడిదే పూచీ

ఈ లేబరాఫీసు గదిలో చలికి మోకాళ్ళు పట్టేస్తున్నాయి, ఇంత ఏసీ ఎందుకో, తగువుకొచ్చినవాళ్ళ నోళ్ళు గడ్డకట్టాలనేమో అనుకుంది సూరమ్మ, ఎదురుగా ఏజెన్సీ యజమాని మధుసూదనరావు మాత్రం కోటులో చెమటలు కక్కుతున్నాడు, కక్కనీ, తను కక్కలేదూ, ఇల్లు తుడిచి, గిన్నెలు తోమి తెచ్చుకున్న జీతంలో నెలకి మూడొందల డాలర్లు, ఈ పని ఇప్పించినందుకు ఏజెన్సీకి పడ్డ బాకీ, ఎనిమిది నెలలు మనవాళ్ళ పేట లిటిల్ ఇండియాలో, ఊరికి డబ్బు పంపే కొట్టు ముందు రంగనాథ్ చేతిలో పోసింది, ఏజెన్సీ వసూళ్ళ మనిషి, రసీదేదయ్యా అంటే, మనదీ మనదీ ఒకే జిల్లా, నామీద నమ్మకం లేదా అక్కా అనేవాడు, ఒకనాడు మాయమయ్యాడు, ఫోనూ లేదు, మధుసూదనరావేమో నాకొక్క డాలరూ అందలేదమ్మా, మళ్ళీ కట్టు, లేదా టికెట్టు తీసి ఇంటికి పంపించేస్తా అన్నాడు, తనేమన్నా పార్సిలా, అయినా భయపడింది, నాలుగు నెలలు మళ్ళీ కట్టింది, పన్నెండొందలు.

ఆఫీసరమ్మ ఏదో అడుగుతోంది, అనువాదానికొచ్చిన కాలేజీ పిల్ల గీతాంజలి చెవిలో చెబుతోంది, రంగనాథ్ మీ మనిషేనా అంటున్నారు ఆంటీ, కాదంటున్నారాయన, కమీషనుకి తిరిగేవాడట, వాడు తిన్నదానికి నాకేం సంబంధం అంటున్నారు, ఓహో, సంబంధం లేదూ, సూరమ్మ ఫోను బల్లమీద పెట్టింది, ఉగాది సభ, మధుసూదనరావే మురిసిపోయి అందరికీ పంపిన వీడియో, మైకు పట్టుకుని, రంగనాథ్ నా కుడిచెయ్యి, ఆయనకిచ్చారంటే నాకిచ్చినట్టే అంటూ వాడికి శాలువా కప్పాడు, చప్పట్లే చప్పట్లు, వెనక వరసలో తనూ కొట్టింది, ఆ మర్నాటినుంచే రసీదడగడం మానేసింది, గీతాంజలి మాట మాటా ఇంగ్లీషులో చెబుతుంటే మధుసూదనరావు, స్టేజీ మర్యాద మేడమ్, సభల్లో ఎన్నో అంటాం అని నవ్వబోయాడు, ఆఫీసరమ్మ నవ్వలేదు, ఈ గుడ్డ ఎందుకు కప్పారు అంది, ఎవరో చెప్పేలోపు సూరమ్మే చెప్పేసింది, వీడు నావాడు అని పదిమందిలో చాటడానికమ్మా.

లైసెన్సుకి మీరు కట్టిన పూచీ సొమ్ము, ఆ బాండు ఉన్నదిందుకే, అంది ఆఫీసరమ్మ, మీరు పంపినవాడు వసూలు చేస్తే మీరు చేసినట్టే, ఈమె బాకీ తీరింది, రెండోసారి తీసుకున్న పన్నెండొందలూ పద్నాలుగు రోజుల్లో ఇవ్వండి, ఇవ్వకపోతే బాండులోంచి లాగుతాం, రంగనాథ్‌ని వెతుక్కోవడం మీ తలనొప్పి, గీతాంజలి గబగబా తెలుగులో చెప్పేస్తోంది, పిచ్చిపిల్ల, ఏడుస్తోందా నవ్వుతోందా, మధుసూదనరావు లేస్తూ, నాతో ఒక్కమాట చెప్పుంటే ఇంతదాకా వచ్చేదా సూరమ్మా అన్నాడు, చెప్పాను సార్, మూడుసార్లు, మూడుసార్లూ ఫోను పెట్టేశారు, గొంతు ఇంత గట్టిగా వచ్చిందేమిటి, రానీ.

లిఫ్టు దిగుతోంది, రంగనాథ్‌కి కట్టి నోరు మూసుకున్నవాళ్ళు ఇంకా ఇరవైమంది, మనకి బుద్ధిలేక ఇచ్చాంలే అని తలొంచుకున్నవాళ్ళు, వాళ్ళలో ప్రభావతి అయితే మొగుడికి కూడా చెప్పలేదు, తనూ అంతే, అద్దంలో మొహం చూసుకోవడం మానేసింది, ఎందుకు, పని చేసింది, చెప్పినచోట కట్టింది, ఇందులో తను తలొంచుకోవాల్సింది ఏముంది, ఏమీ లేదు, ప్రభావతికి ఫోను కలుపుతూ సూరమ్మకి తేటగా తెలిసింది, ఇన్నాళ్ళుగా తను మోస్తున్న సిగ్గు మధుసూదనరావుది.