కోసిన పట్టీ

నేను ఒక పసుపుపచ్చ హెల్మెట్‌ను. భవనాలు కట్టేవాళ్లు తలకు పెట్టుకునే రకం. ఇప్పుడు ఓదెలు గౌడ్ ఇంటి దూలానికి, ఆయన పాత మోకు పక్కన వేలాడుతున్నాను. తాటిచెట్టు ఎక్కేటప్పుడు చెట్టుకూ నడుముకూ చుట్టుకునే తాడు అది. మా ఇద్దరి పనీ ఒకటే, మనిషిని క్షేమంగా కిందికి దింపడం. మోకు ఓదెలును దింపింది. నేను ఆయన కొడుకును దింపలేకపోయాను.

నన్ను ఎక్కడ అచ్చుపోశారో నాకు తెలియదు. కళ్లు తెరిచేసరికి ఎడారిలో ఉన్నాను. అక్కడ ఫుట్‌బాల్ పోటీల కోసం స్టేడియం కడుతున్నారు. లోకమంతా చూడ్డానికి వస్తుందట. మొదట నన్ను ఒక నేపాలీ పెట్టుకున్నాడు. ఒకరోజు అతను రాలేదు. ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు. నా మీది అతని పేరు గీకేసి నన్ను ఓదెలు కొడుకు భూమేష్‌కు ఇచ్చారు.

భూమేష్‌ది జగిత్యాల దగ్గరి పల్లె. ఏ దేశం పోయినా అక్కడ దుబాయి పోయాడనే అంటారు. తాళ్లెక్కి కల్లు గీసే పని వద్దని తండ్రితో పోట్లాడి వచ్చాడు. పడి చచ్చే పని తనకొద్దన్నాడట. ఇక్కడ అతనికి దొరికింది తాడి కంటే ఎత్తున గ్యాలరీలో కుర్చీలు బిగించే పని. పక్క మంచం పోశెట్టిది. ఇద్దరిదీ ఒకే ఊరు.

"గింత గ్యాలరీ ఒక్క బంతి కోసమానె పోశెట్టన్నా? మనూళ్ల కబడ్డికి గుప్పెడు సున్నం సాలు."

"నువ్వు బోల్టు తిప్పురా. బంతితోని నీకేం పని?"

ఒకసారి పెద్దమనుషులు వచ్చారు. వాళ్లకు కొత్త తెల్ల హెల్మెట్లు ఇచ్చారు. పసుపువాళ్లను వెనక నిలబెట్టి ఫోటోలు దిగారు. కార్మికుల క్షేమం గురించి మాట్లాడి, ఎండెక్కకముందే వెళ్లిపోయారు.

ఎండాకాలంలో నడిమధ్యాహ్నం బయట పని చేయించకూడదని అక్కడ రూలుంది. బోర్డు కూడా పెట్టారు. ఆ బోర్డు కిందినుంచే కుర్చీల కట్టలు మోయించారు. పోటీల తేదీ వెనక్కి జరగదు కదా. మనుషులను జరపడం తేలిక.

అలాంటి ఒక మధ్యాహ్నం భూమేష్‌కు చెమట ఆగిపోయింది. నుదుటికి ఆనే నా లోపలి పట్టీ ఆరిపోతుంటే నాకే ముందు తెలిసింది. చెప్పడానికి నోరు లేదు. అతను మెట్ల మధ్య కూలిపోయాడు. గడ్డం కింది పట్టీ బిగుసుకుంది, కొక్కెం ఊడలేదు. పోశెట్టి కత్తితో పట్టీ కోసి, ముఖాన నీళ్లు పోశాడు. "లే తమ్మీ, లే" అన్నాడు. భూమేష్ లేవలేదు.

రూలు ప్రకారం ఆ వేళ అక్కడ పని లేదు. పని లేని చోట పనివాడు చావడానికి వీల్లేదు. కాబట్టి భూమేష్ గదిలో, మంచం మీద, నిద్రలో పోయాడని సూపర్‌వైజర్ తేల్చాడు. నువ్వూ చూశావు కదా అని పోశెట్టిని అడిగాడు. పోశెట్టి తలూపాడు. ఊపకపోతే అతని ఉద్యోగమూ పోతుంది. పనిలో పోతే కంపెనీ పరిహారం ఇవ్వాలి. నిద్రలో పోతే శవపెట్టె ఇస్తే చాలు.

ఆ పెట్టెతో పాటు పోశెట్టి ఊరికి వచ్చాడు. నన్ను తన సంచిలో దాచి తెచ్చాడు. చావు తర్వాత కాకికి అన్నం పెట్టడాన్ని ఇక్కడ పిట్టకు పెట్టడమంటారు. అప్పుడు పోయినవాడు వాడిన వస్తువు విస్తరి పక్కన ఉంచుతారు. అది చూసి గుర్తుపట్టి వస్తాడని వాళ్ల నమ్మకం. పోశెట్టి మంచి మనసుతోనే తెచ్చాడు. పట్టీ సంగతి మరిచిపోయాడు.

చెలకలో విస్తరేసి అన్నం, మాంసం, కల్లు పెట్టారు. కాకి వచ్చి తుమ్మచెట్టు మీద కూర్చుంది. దిగలేదు. పిట్ట ముట్టకపోతే పోయినవాడికి ఏదో తీరలేదని అర్థం. అందరూ పోయినవాడికి ఒక్కొక్క మాట ఇవ్వసాగారు.

"బిడ్డను సదివిపిస్త, రా" అంది భార్య జమున.

"కల్లు పులిసిందేమో సూడుండ్రి. గౌడోని కొడుకు, పులిసింది ముట్టడు" అన్నాడు ఒక ముసలాయన. ఎవరూ నవ్వలేదు.

ఓదెలు వచ్చి నన్ను చేతిలోకి తీసుకున్నాడు. పట్టీ కొస మీద బొటనవేలు ఆనించి చూశాడు.

"పోశెట్టీ, ఇది తెగిందా, కోసిండ్రా?"

"తెగింది కాకా."

"తెగితే పోగులు లేస్తయి. ఇది కోసింది. తాటి మీదికెల్లి పడ్డోని మోకు మేం గిట్లనే కోస్తం. పండుకున్నోడు గిది పెట్టుకొని పండుకుంటడారా?"

పోశెట్టి కాకి వైపు చూశాడు.

"పైసలు నాకద్దు. వాడు ఏడ పడ్డడో వానికి ఇనవడేటట్టు ఒక్కమాట చెప్పు. పిట్ట ముడుతది."

"చెప్పన్నా" అంది జమున.

అప్పుడు వెనకనుంచి పోశెట్టి భార్య నెమ్మదిగా అంది. "ఆయనకు ఎల్లుండి ఫ్లైటున్నది మామా."



"నిద్రలనే పోయిండు కాకా" అన్నాడు పోశెట్టి.

కాకి లేచి వెళ్లిపోయింది. విస్తరి ఆవుకు పెట్టారు.

తర్వాత పోటీలు వచ్చాయి. ఇంట్లో టీవీ పెడితే పక్కింటివాళ్లూ వచ్చి కూర్చున్నారు. బంతి ఎటు పోయినా ఓదెలు గ్యాలరీనే చూశాడు. కెమెరా అటు తిరిగినప్పుడు భూమేష్ కూలిన మెట్టు నేను గుర్తుపట్టాను. అక్కడ ముఖానికి రంగులు పూసుకున్న మనిషి కూర్చున్నాడు. గోలు పడగానే కుర్చీ మీదికెక్కి గెంతాడు. కుర్చీ కదల్లేదు. భూమేష్ బిగించిన బోల్టు అది.

ఆట అయిపోయింది. అంతమంది మళ్లీ అక్కడికి రారట. పోశెట్టి ఇప్పుడు ఆ కుర్చీలే ఊడదీస్తున్నాడు. పండుగలకు ఫోన్ చేస్తాడు. అతని బాగోగులు ఓదెలు అడగడు. "ఏడ పడ్డడు?" అంటాడు. అటువైపు పోశెట్టి ఫోన్ పెట్టేస్తాడు.

ఖాళీ హెల్మెట్ ఎందుకు, కోళ్లకు నీళ్లు పెట్టుకోవచ్చు కదా అని చూసినవాళ్లు అంటారు. ఓదెలు నన్ను ఎవరినీ ముట్టనివ్వడు. ఎండ ముదిరి గాలి ఆడని మధ్యాహ్నాలు నా లోపలి పట్టీ తడుస్తుంది. ఆయన నన్ను దించి, ఆ తడి మీద వేలు పెట్టి, నాలుకకు రాసుకుంటాడు.

ఉప్పగా ఉంటుంది.