కాకరకాయ ఫోల్డర్

లుకాంగ్ ఊరి అంచున ఉన్న కుళాయిల కార్ఖానాలో చిన్-షుయ్ చేరి ముప్ఫయ్యేళ్ళు దాటింది. ఏడో తరగతిలో బడి మానేసి పాలిషింగ్ యంత్రం దగ్గర చేరాడు. నడుము పట్టేశాక డ్రాయింగుల గదిలో ఒక కుర్చీ ఇచ్చారు. కుర్చీ ముందు కంప్యూటర్, దాని నిండా కార్ఖానాలో ఇప్పటిదాకా పోతపోసిన ప్రతి కుళాయి డ్రాయింగూ. వాటి పేర్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ. ఏ చదువుకున్న మహానుభావుడు పెట్టాడో, ఒక్క పేరుకీ తలాతోకా లేదు.

చిన్-షుయ్‌కి ఇంగ్లీషు రాదు. రాకపోతే ఏం, కళ్ళున్నాయి. ఫోల్డర్ మీది పసుపు గుర్తు తీసేసి నచ్చిన బొమ్మ పెట్టుకోవచ్చని ఫోన్లో వీడియో చూసి నేర్చుకున్నాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ బల్లల మీద తలవాల్చి కునుకు తీసే అరగంటలో, ఏడాదిపాటు, ఒక్కొక్క బొమ్మే కత్తిరించి అతికించాడు. పొడుగుమూతి కుళాయిలకు ఎద్దు నాలుక ఆకారంలో చేసే తీపి బిస్కెట్టు. ఆసుపత్రి కుళాయిలకు నర్సు టోపీ. సరుకు కొనే కంపెనీలకైతే, ఆ మనుషులు ఇక్కడికొచ్చి ఏం తిన్నారో ఆ తిండే గుర్తు. పీతలు, చేపలు, సముద్రపు గుల్లల మాంసంతో వేసే అట్లు వరసకు ఎనిమిది చొప్పున సముద్రపు ఫొటో మీద పరుచుకుని, తెర పెళ్ళివిందు బల్లలా కళకళలాడేది. ఇంట్లో చొక్కా కూడా మడతపెట్టుకోని మనిషి, బతుకులో సర్దుకున్నది అదొక్కటే.

అంతలో యజమానురాలు షీ అమ్మగారు తైపేలో చదువుకున్న యూ-చెన్‌ని ఆఫీసులో పెట్టింది. ఆ పిల్ల డ్రాయింగులన్నిటికీ నకళ్ళు తీసుకుని తన కంప్యూటర్లో ఒకే నీలిరంగు ఫోల్డర్లలో, అంకెల వరసలో పేర్చేసింది. చదువుకున్నవాళ్ళకు సర్దడమంటే అన్నీ ఒకేలా కనబడేట్టు చేయడమే. ఇంతా చేసి, కొత్త కంప్యూటర్ ఆన్ చేసే ముందు దానిమీద ఆకుపచ్చ చిరుతిండి ప్యాకెట్ పెట్టడం మాత్రం మరిచిపోలేదు. అది పెడితే యంత్రం బుద్ధిగా పనిచేస్తుందని అక్కడ అందరి నమ్మకం. ఆకుపచ్చదే పెట్టాలి, తినకూడదు. ఏ పట్టా ఆ నమ్మకాన్ని చెరిపెయ్యలేదు.

షీ అమ్మగారు చిన్-షుయ్ తెర చూసి, "ఇది కంప్యూటరా, కూరగాయల బండా?" అంది. బుధవారం ఒసాకా నుంచి పాత బేరగాడు కువహారా వస్తున్నాడనీ, ప్రొజెక్టరుతో గోడమీద యూ-చెన్ తెరే చూపిస్తామనీ, అది బాగా నడిస్తే ఆ కుర్చీ కూడా యూ-చెన్‌దేననీ, అతను ప్యాకింగులో అట్టపెట్టెలు మడుచుకోవచ్చనీ చెప్పింది. చిన్-షుయ్ తన తెరమీద, ఆ పిల్ల పంపేవి దాచుకునే యూ-చెన్ ఫోల్డరుకు చీపురు బొమ్మ పెట్టి కసి తీర్చుకున్నాడు.

బుధవారం కువహారా వచ్చాడు. బక్కమనిషి, ముఖంలో నవ్వనేది కనబడదు. గోడమీద నీలి ఫోల్డర్లు మెరిశాయి. అతను జపనీసులో చెబుతుంటే యూ-చెన్ తర్జుమా చేసింది. పన్నెండేళ్ళ కిందట ఒక హోటలుకు చేయించిన కుళాయే మళ్ళీ కావాలట. తమ కంపెనీ చేతులు మారినప్పుడు పాత నంబరు పోయిందట. పిడి మాత్రం బాతు ముక్కులా ఉంటుందట.

యూ-చెన్ వెతికింది. నంబరు లేనిదే ఆమె ఫోల్డర్లు నోరు విప్పవు. ఒకటి తెరిచింది, మరొకటి తెరిచింది. షీ అమ్మగారు విసనకర్ర వేగం పెంచింది.

చిన్-షుయ్‌కి ఆ డ్రాయింగ్ ఎక్కడుందో తెలుసు. చిక్కల్లా ఏమిటంటే అది కువహారా ఫోల్డరులో ఉంది, దానిమీద కాకరకాయ ఉంది. తెరిస్తే అంత పెద్ద బేరగాడి ఎదుట గోడంత కాకరకాయ. తెరవకపోతే అట్టపెట్టెలు. రెండు క్షణాలు గోళ్ళు చూసుకుని, లేచి వెళ్ళి ప్రొజెక్టరు తీగ పీకి తన కంప్యూటరుకు పెట్టాడు. కాకరకాయ నొక్కాడు. లోపల బాతు బొమ్మ. బాతును నొక్కితే కుళాయి.

కువహారా కుళాయి చూడలేదు. కాకరకాయ దగ్గరికి వెనక్కి వెళ్ళమన్నాడు. ఇదేమిటని అడిగాడు. యూ-చెన్ ఏదో మర్యాదగా అల్లబోయింది.

"వద్దమ్మా, ఉన్నదున్నట్టు చెప్పు," అన్నాడు చిన్-షుయ్. "మొదటిసారి వచ్చినప్పుడు ఉప్పులో ఊరబెట్టిన గుడ్డు వేసి వేయించిన కాకరకాయ మూడు పళ్ళేలు తిన్నారు. మా నమూనా పదకొండుసార్లు తిప్పికొట్టారు. ఆ రెండూ కలిసి గుర్తుండిపోయాయి."

కువహారా మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు, చెబుతున్నకొద్దీ యూ-చెన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"బాబాయ్, ఆయనకు కాకరకాయంటే ప్రాణంమీదికొస్తుందట. వడ్డించింది వదిలేస్తే మర్యాద కాదని పళ్ళెం ఖాళీ చేశారట. ఖాళీ చేసినప్పుడల్లా మనం మళ్ళీ నింపామట. ఆరుసార్లు వచ్చారు, ఆరుసార్లూ అదేనట."

షీ అమ్మగారి విసనకర్ర ఆగిపోయింది. ఆ మధ్యాహ్నం భోజనానికి కూడా ఆమె కాకరకాయే చెప్పి ఉంచింది. చిన్-షుయ్ చెబితేనే చెప్పింది.

కువహారా గోడమీద ఇంకో బొమ్మ వైపు వేలు పెట్టి, ఆ అట్టు ఎవరిదని అడిగాడు. జర్మనీ వాళ్ళదన్నాడు చిన్-షుయ్. తనకెప్పుడూ ఎవరూ పెట్టలేదన్నాడు కువహారా, చిన్నపిల్లాడి ముఖంతో. చిన్-షుయ్ గబగబా కాకరకాయ తీసేయబోతే చెయ్యెత్తి ఆపాడు.

"బొమ్మ ఉంచండి. కూర మార్చండి."

ఆ మధ్యాహ్నం గుడి సందులో అతను గుల్లల అట్లు రెండు తిని, మూడోదానిలో సగం ధైర్యంగా వదిలేశాడు. సాయంత్రం హోటల్ కుళాయిలకు సంతకం పెట్టాడు. షీ అమ్మగారు కుర్చీ మాట ఎత్తలేదు. వెళ్తూ వెళ్తూ, యూ-చెన్ తెర మీద కూడా ఆ కూరగాయలేవో కాస్త నాటమని గొణిగింది.

మర్నాడు పొద్దున్నే యూ-చెన్ తన కుర్చీ లాక్కొచ్చి పక్కన కూర్చుంది.

"నేర్పు బాబాయ్. ముందు ఒకటి చెప్పు, ఆ చీపురు నేనేనా?"

"నిన్నటిదాకా," అన్నాడు చిన్-షుయ్.

తెరమీద చీపురు ఉన్నచోట ఆకుపచ్చ చిరుతిండి ప్యాకెట్ ఉంది.