ఆరింటి మీటింగు

“నీకేమైనా అభ్యంతరమా?” అని మా ఆయన హాల్లోంచి కేకేసి అడిగే సమయానికి పాలు పొంగుతున్నాయి. మంట తగ్గించే హడావుడిలో నేను, “మేస్త్రీగారికి చక్కెర ఎంత వెయ్యమంటారు?” అని తిరిగి కేకేశాను. హాల్లో అందరూ నవ్వారు. “దానికేం అభ్యంతరం ఉంటుందిలెండి, మీరు కానివ్వండి” అన్నారు అత్తగారు.

విషయం వంటింటి కిటికీ. ఆ కిటికీ వెనక వరండాలోకి తెరుచుకుంటుంది. వరండాకి గోడలు లేపి మా ఆయన కంప్యూటర్ పెట్టుకోవడానికి గది చేస్తే బాగుంటుందని, అలా చెయ్యాలంటే కిటికీ మూసెయ్యాలని మేస్త్రీ అంటున్నాడు. ఆ కిటికీ దగ్గర పొద్దున్నా సాయంత్రమూ నిలబడేది నేను. పోపు ఘాటు బయటికి పోయేది అందులోంచే, కాస్త గాలి నా మొహాన కొట్టేదీ అందులోంచే. ఆ మాట చెబుదామనే అనుకున్నాను. కానీ కప్పులు కడిగి, టీ వడకట్టి, ట్రే పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి కిటికీ సంగతి తేలిపోయింది. వాళ్ళు టైల్స్ రంగు దగ్గరికి వెళ్ళిపోయారు. మధ్యలో కిటికీని మళ్ళీ లాగితే ఏం బాగుంటుందని ఊరుకున్నాను.

ఇందులో నవ్వొచ్చే సంగతి ఒకటుంది. సరిగ్గా ఆ ప్రశ్న అడగడమే నా ఉద్యోగం. మున్సిపల్ ఆఫీసులో ప్రణాళికా విభాగం నాది. రోడ్డు వెడల్పు చెయ్యాలన్నా, పాత భవనం కూల్చి కొత్తది కట్టాలన్నా, డబ్బు మంజూరయ్యే ముందు ఒకరోజు జనాన్ని పిలిచి మీకేమైనా అభ్యంతరమా అని అడగాలి. ఆ మీటింగుకి తేదీ, గంటా నిర్ణయించేది, నోటీసు రాసి గోడలకి అంటింపించేది, కుర్చీలు వేయించేది, చివర్లో ఎవరేమన్నారో రాసి పెద్దసారు సంతకానికి పెట్టేది నేనే. నా మీటింగులన్నీ సాయంత్రం ఆరింటికి, మా ఆఫీసు మూడో అంతస్తులో. లిఫ్టు అప్పటికే ఆపేస్తారు. “అందరూ పనులు ముగించుకుని వచ్చే టైము” అని పెద్దసారుకి చెప్పాను. ఆయన తలూపాడు. ఆయనకి ఆరింటికి పనులు ముగుస్తాయి మరి.

పోయిన వారం పాత కూరగాయల మార్కెట్టు మీద మీటింగు పెట్టాను. మార్కెట్టు పడగొట్టి ఆ స్థలంలో అంతస్తుల కార్ పార్కింగు, కింద షాపులు కట్టాలన్నది ప్రాజెక్టు. ఖర్చులో సగం పైనుంచి వస్తుంది. ఈ నెలాఖరులోగా ఫైలు కదలకపోతే ఆ నిధులు మురిగిపోతాయి. మీటింగుకి ఇద్దరంటే ఇద్దరు వచ్చారు. ఒకాయన రిటైరైన మాస్టారు, ఫ్యాను కిందా నీళ్ళ బాటిలు పక్కనా కూర్చోవడానికి ప్రతి మీటింగుకీ వస్తాడు. ఇంకొకాయన కొత్త షాపులు ఎవరికిస్తారో కనుక్కోవడానికి వచ్చాడు. కుర్చీలు వేసిన దానికన్నా తొందరగా మడతపెట్టించి, “అభ్యంతరాలు ఏవీ రాలేదు” అని రాసి, బస్సు పట్టుకుని, ఉల్లిపాయలు కోసే వేళకి ఇంట్లో ఉన్నాను. “నువ్వు పెట్టే మీటింగుల్లో గొడవలుండవమ్మా” అని పెద్దసారు మర్నాడు మెచ్చుకున్నాడు. మెచ్చుకుంటే నాకు సంతోషమేసింది. అది కూడా చెప్పుకోవాలి.

ఆ సాయంత్రం ఎప్పట్లాగే మార్కెట్లో ఆకుకూరలామె దగ్గర ఆగాను. ఏళ్ళుగా ఆమె దగ్గరే కొంటాను. రెండు కట్టలు తీసుకుంటే కొసరుగా ఇంకోటి నా సంచిలో పడేస్తుంది, వద్దన్నా వినదు.

“మేడమ్, మీరు ఆ ఆఫీసులోనే కదా. మా వెనక నీలం తలుపు గది ఉంటుందా, పోతుందా?” అంది.

“చూద్దాం” అన్నాను. మా ఆఫీసులో అందరికీ వచ్చిన మాట అదొక్కటే.

“గోడ మీద కాగితం చూశాం. ఆరింటికి రమ్మన్నారు. ఆరింటికి ఎలా వస్తాం? మాకు బేరాలన్నీ అప్పుడే. తట్ట దించి మూడంతస్తులెక్కి వస్తే ఇక్కడ కొనేవాళ్ళు ఆగుతారా? ఇల్లున్న ఆడది ఎవరైనా ఆరింటికి బయటికి రాగలదా? మీరు చెప్పండి.” నీళ్ళు చల్లుతూ నవ్వింది. “ఆ టైము పెట్టినవాడెవడో మగాడే అయ్యుంటాడు మేడమ్. ఇంటికెళితే పెళ్ళాం వండి పెడుతుంది, వాడికేం తెలుస్తుంది!”

నేనూ నవ్వాను. “అంతేలే” అన్నాను. కొసరు కట్ట నా సంచిలో పడింది. తీసుకున్నాను కూడా.

నీలం తలుపు గది మా మున్సిపాలిటీదే. మార్కెట్లో అమ్ముకునేవాళ్ళ పసిపిల్లల్ని అక్కడ పడుకోబెడతారు, ఇద్దరు ఆయాలు చూసుకుంటారు. ఆకుకూరలామె మనవరాలు అక్కడే పెరుగుతోంది. నా కూతురు కూడా పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఒకరోజు అక్కడే ఉంది. అత్తగారు ఊరెళ్ళారు, నాకు సెలవు దొరకలేదు, మా ఆయనకి సెలవు అడిగే ఆలోచనే రాలేదు. ఏడుపు మొహంతో ఆ గుమ్మంలో నిలబడితే పెద్ద ఆయా ఒక్క ప్రశ్న వెయ్యకుండా చేతులు చాపింది. సాయంత్రం ఆ సంగతి చెబితే మా ఆయన, “పిల్లని తీసుకెళ్ళి సంతలో వదిలేశావా?” అన్నాడు. ఆ తర్వాత ఆ గది పేరు ఇంట్లో ఎత్తలేదు. కొత్త ప్రాజెక్టు నక్షాలో ఆ గది మీద “స్టోర్ రూమ్” అని ఉంది. గీసిన కుర్రాడికి తెలియదు. నాకు తెలుసు. దిద్దలేదు. మీటింగులో ఎవరో ఒకరు లేచి చెబుతారుగా అనుకున్నాను. చెప్పేవాళ్ళు రాలేని గంట చూసి మీటింగు పెట్టింది నేనే అయ్యుండి అలా అనుకున్నాను.

అవును, చూసే పెట్టాను. ఆకుకూరలామె పొరపడింది. మగాడు పెడితే ఏ పదింటికో, పన్నెండింటికో పెట్టేవాడు. ఆడవాళ్ళు ఎప్పుడు రాలేరో మగాడికి అంత కచ్చితంగా తెలియదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక మీటింగు సెలవురోజు పొద్దున పెట్టాను. హాలు నిండిపోయింది. వీధి కొళాయి తీసెయ్యొద్దని ఆడవాళ్ళు చంకన పిల్లల్తో వచ్చి అరిచారు, ఏడ్చారు, ఒకావిడ నా టేబుల్ మీద ఖాళీ బిందె పెట్టింది. వాళ్ళు చెప్పిందంతా రాసుకుని ఇంటికి చేరేసరికి పొద్దు వాలింది. అత్తగారు తినకుండా కూర్చున్నారు. “ఊరిని ఉద్ధరించి వచ్చావా తల్లీ? ఇంట్లోవాళ్ళ కడుపు సంగతి ఎవరు చూస్తారు?” అన్నారు. మా ఆయన ప్లేటు చప్పుడయ్యేలా పెట్టాడు. కొళాయి నిలబడింది కానీ నేను నిలబడలేకపోయాను. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నాను. ఆరింటికి పెడితే ఎవరూ రారు. ఎవరూ రాకపోతే నేను తొందరగా ఇంటికి పోవచ్చు. నా వంటిల్లు నాకు నేర్పిన లెక్కని నాలాంటి వంటిళ్ళున్న వాళ్ళందరి మీదా వాడాను. ప్రసూతి ఆసుపత్రి ఎదుట ఉండాల్సిన బస్‌స్టాపు రోడ్డుకి అవతలికి పోయింది, ఆడవాళ్ళ మరుగుదొడ్డి పోయి ఏటీఎం వచ్చింది. అన్నింటి కిందా నా చేతిరాతే, అభ్యంతరాలు ఏవీ రాలేదని. నిండు నెలల మనిషి ఆ రోడ్డు దాటుతుంటే ఎన్నోసార్లు బస్సులోంచి చూశాను. చూసి, సెల్‌ఫోనులో తల దూర్చేదాన్ని.

శనివారం మేస్త్రీ ఇటుకలతో దిగాడు. కిటికీ చట్రం ఊడబెరుకుతుంటే అప్పుడు నా గొంతు పెగిలింది.

“ఏవండీ, కిటికీ వద్దండీ. నాకు గాలాడదు.”

మా ఆయన నిజంగా ఆశ్చర్యపోయాడు. “అదేంటి, ఆ రోజు అడిగాం కదా! ఇక్కడే ఉన్నావుగా. అప్పుడు నువ్వేం అనలేదు.”

“పాలు పొంగుతున్నాయి.”

“పాలు పొంగితే నోరు కూడా మూతపడుతుందా?” అన్నాడు. పొద్దుటి పేపరు మడిచి, “ఇప్పుడు మేస్త్రీని వెనక్కి పంపితే బాగుండదు” అని ముగించాడు. అత్తగారు గుమ్మంలో నిలబడి, “అడిగినప్పుడు చెప్పాలి అమ్మాయ్” అన్నారు. తర్వాత నాకు మాత్రమే వినబడేట్టు, “ఈ ఇల్లు కట్టినప్పుడు నన్నెవరడిగారు” అని లోపలికి వెళ్ళిపోయారు.

ఆయన అబద్ధమాడలేదు, అదే నన్ను పొడిచింది. అడిగాడు. నేనక్కడే ఉన్నాను. ఏమీ అనలేదు. ప్రతి మాటా నిజమే, నేను ఫైళ్ళలో రాసేవీ అలాంటి నిజాలే. మధ్యాహ్నానికి గోడ లేచింది. పట్టపగలు లైటు వేసుకుని అన్నం వార్చాను. ఏడవాలనిపించింది కానీ ఏ మొహం పెట్టుకుని ఏడవను? నాకు పోయింది ఒక కిటికీ. నేను పోగొట్టినవాటికి లెక్క లేదు.

సోమవారం పెద్దసారు గదిలోకి వెళ్ళాను.

“మార్కెట్టు మీటింగు మళ్ళీ పెట్టాలి సార్.”

“ఎందుకమ్మా? అభ్యంతరాలు రాలేదని నువ్వే రాశావుగా.”

“రాలేదు సార్. రాకుండా చేశాను. నక్షాలో స్టోర్ రూమ్ అని ఉన్నది పిల్లల గది సార్. మనదే.”

ఆయన కళ్ళజోడు తీశాడు. “నీకెప్పుడు తెలిసింది?”

“మొదట్నుంచీ తెలుసు.”

దాన్ని చొక్కా అంచుతో తుడిచాడు. “నిధులు మురిగిపోతే నిన్నూ నన్నూ కలిపి ఉతుకుతారు” అన్నాడు.

“నెలాఖరు దాకా టైముంది సార్. బుధవారం పెడతాను. మధ్యాహ్నం రెండున్నరకి, మార్కెట్లోనే. అప్పుడు వాళ్ళకి బేరాలుండవు.”

“మళ్ళీ ఎందుకు పెట్టారంటే ఏం రాస్తావు?”

“టైము తప్పుగా పెట్టామని రాస్తాను.”

“పెట్టామని రాస్తే, పెట్టిందెవరని అడుగుతారు.”

“నేనే సార్. అదీ రాస్తాను.”

“నీ ప్రమోషన్ కాగితాలు కూడా ఇప్పుడే కదా కదులుతున్నాయి” అన్నాడు మెల్లగా. బెదిరింపు కాదు, నిజంగా జాలిపడే అన్నాడు. ఆ ప్రమోషన్ కోసం ఎన్ని ఆరింటి మీటింగులు పెట్టానో నాకు తెలుసు. నేనేదో వీరనారిలా నిలబడ్డానని అనుకునేరు, కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాను. కానీ కదల్లేదు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, “నోటీసు పట్రా” అన్నాడు.

ఇంట్లో చెప్పడానికి మంచి సమయం చూసుకున్నాను. మర్నాడు పొద్దున మా ఆయన మొహం నిండా నురగతో, కొళాయి ధారగా వదిలి, గడ్డం గీసుకుంటున్నాడు. బాత్రూం గుమ్మంలో నిలబడి, “బుధవారం మీటింగుంది. వాళ్ళు చెప్పింది అయ్యేదాకా రాను. రాత్రికి వంట మీరు చూసుకోండి. మీకేమైనా అభ్యంతరమా?” అన్నాను.

“ఆఁ?” అన్నాడు నురగలోంచి.

“ఏమీ లేదన్నమాట” అని వచ్చేశాను. ఈ విద్య నాకు బాగానే వచ్చు. వచ్చినందుకే సిగ్గేసింది, అయినా మొదటిసారి అది నా పనికొచ్చింది.

ఆ సాయంత్రం కొత్త నోటీసు నీలం తలుపు పక్కన నా చేత్తోనే అంటించి ఆకుకూరలామె దగ్గరికి వచ్చాను. లోపల పిల్లెవరో ఏడుస్తోంది, ఆయా జోకొడుతోంది. ఆకుకూరలామె అప్పటికే కాగితం చదివింది.

“రెండున్నరకైతే అందరం వస్తాం మేడమ్! ఆయాల్ని కూడా తీసుకొస్తాం. మార్చినవాడెవడో గానీ పుణ్యాత్ముడు.” రెండు కట్టలు నా ముందుకి తోసి, అలవాటుగా మూడోది చేతిలోకి తీసుకుంది.

అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకుంటే పుణ్యాత్మురాలిని కూడా అవుతాను.

“మార్చింది నేనే. మొదట ఆరింటికి పెట్టింది కూడా నేనే. మీరెవరూ రాలేరని తెలిసే పెట్టాను. ఇంటికి తొందరగా పోవచ్చని.”

చుట్టూ బేరాల గోల. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. నా చేతిసంచి, ఆఫీసు బ్యాడ్జీ, చంకన ఇరికించుకున్న జిగురు డబ్బా చూసింది. తిడుతుందేమో అనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

“బుధవారం నువ్వుంటావా?” అంది. అంతవరకు నన్ను మీరు అనేది.

“ఉంటాను.”

“ఆరయిందని లేచిపోవుగా?”

“పోను.”

డబ్బు తీసుకుని రెండు కట్టలూ నా సంచిలో పెట్టింది. చేతిలో ఉన్న మూడో కట్టని తిరిగి తట్టలో పెట్టి, వాడిపోకుండా నీళ్ళు చల్లింది.