ఎడమకు తిప్పు

విజయశ్రీ కారు మీది గుడ్డ లాగి మడతపెట్టి, ఇంజను స్టార్ట్ చేసింది. ఎనిమిది నెలలుగా రోజూ పొద్దున్నే చేస్తున్న పనే ఇది. బండి ఎక్కడికీ కదలదు. కాసేపు ఇంజను తిరగనిచ్చి ఆపేస్తుంది. తర్వాత పైకెళ్ళి వంట ముగించి, దిల్‌సుఖ్‌నగర్‌లో తను పనిచేసే చీరల దుకాణానికి పోతుంది. ఇవాళ దుకాణానికి సెలవు. ఇంజను ఆపాక ఆమె పైకి వెళ్ళలేదు. చున్నీని నడుముకు బిగించి కట్టుకుని బానెట్ ఎత్తింది.

రెండో అంతస్తు బాల్కనీలో, గ్రిల్లు వెనక కుర్చీలో ఆమె భర్త కృష్ణ కూర్చుని ఉన్నాడు. కిందికి వినపడేంత గొంతు ఇప్పుడతనికి లేదు. అందుకే ఫోన్ చేశాడు. ఆమె స్పీకర్ పెట్టి, ఫోన్‌ను ముందు టైరుకు ఆనించింది.

"ఇంజను వెచ్చగైందా?"

"అయింది."

"వెచ్చగుంటెనే ఆయిల్ మొత్తం దిగుతది. ఎనక టైర్లకు రాళ్ళు పెట్టినవా?"

"పెట్టిన."

"హ్యాండ్‌బ్రేక్?"

"ఏసిన."

"మల్లోపారి చూడు."

చూసింది. అతను చెప్తే ఒకసారి చేసిన పని ఎన్నడూ సరిపోదు.

కృష్ణ ఇరవై ఏళ్ళపాటు ఎల్‌బీ నగర్ చౌరస్తాలో "సూర్యాపేట, కోదాడ" అని కేకలేసి మనుషుల్ని కారులో ఎక్కించుకుని తిప్పినవాడు. ఇంట్లో నిలబడే అన్నం తినేవాడు. పెళ్ళికి వెళ్తే అక్షింతలు పడకముందే తాళంచెవి వేలికి తిప్పుకుంటూ వాకిట్లో ఉండేవాడు. నిదానంగా చేసే పని ఒక్కటే, కారుకు ఆయిల్ మార్చడం. దానికి మాత్రం పూట పూటంతా నేలమీద పడుకునేవాడు. మెకానిక్‌ను ముట్టనిచ్చేవాడు కాదు. కిడ్నీలు చెడి, దవాఖానలో రోజు విడిచి రోజు రక్తం శుభ్రం చేయించుకోవాల్సి వచ్చాక చౌరస్తా పోయింది, రోడ్డు పోయింది, ఆ కుర్చీ మిగిలింది.

విజయశ్రీ తీరు వేరు. పోచంపల్లి దగ్గరి ఊళ్ళో, మగ్గం చప్పుడులో పెరిగిన మనిషి. కొనేవాళ్ళు గుట్టపడేలా చీరలు విప్పించి ఉత్తచేతులతో లేచిపోయినా, అంచుకు అంచు కలిపి మడతపెట్టుకుంటూ కూర్చోగలదు. అలాంటిది, కృష్ణ కుర్చీకి అంటుకుపోయిన నాటినుంచి అతని కాళ్ళలోని తిరుగుడు ఆమె కాళ్ళలోకి వచ్చింది. మెట్రోలో సీటు ఖాళీగా ఉన్నా తలుపు దగ్గరే నిలబడుతోంది. దుకాణంలో చీర విప్పుతూ విప్పుతూ వీధిలోకి చూస్తోంది. ఎవరికీ చెప్పకుండా డ్రైవింగ్ నేర్చుకుంది. లైసెన్సు తెచ్చి చూపిస్తే కృష్ణ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అయితే నన్నొకపారి పెద్ద అంబర్‌పేట్ దాటియ్యి. హైవే మీద మొకానికి గాలి కొట్టాలె" అన్నాడు.

రేపే పోవాలనుకున్నారు. "గీ ఆయిల్‌తోని మాత్రం వద్దు, తారు లెక్క అయింది" అన్నాడు.

నేలమీద పాత ఫ్లెక్సీ పరుస్తుంటే, కింద వాటాలో ఉండే ఇంటి యజమానురాలు ఇందిరాదేవి గుమ్మంలోకి వచ్చింది. తెనాలి నుంచి వచ్చి ఎన్నేళ్ళయినా ఆమె మాట మారలేదు.

"ఏంటమ్మాయ్, కారు కిందకి దూరుతున్నావా! ఫోన్ చేస్తే మెకానిక్ రాడూ?"

"ఆయన ముట్టనియ్యడమ్మా."

"అందుకని నువ్వు దూరాలా? బాగానే ఉంది వరస! జాగ్రత్త తల్లీ" అంటూ లోపలికి వెళ్ళింది.

ముందు చక్రాలు గేటు ముందరి వాలు మీద ఉండటంతో కింద మనిషి పట్టేంత సందుంది. విజయశ్రీ వెల్లకిలా జరిగి, టబ్బు పక్కకు లాక్కుని, నట్టుకు పానా తగిలించింది.

"ఎడమకు తిప్పు" అంది ఫోన్.

తిప్పింది. కదల్లేదు.

"నా ఎడమనా, బండి ఎడమనా?"

"ఎడమంటే ఎడమే. రెండెడమలుంటయా?"

"పండుకొని చూస్తే అంత ఉల్టా కొడ్తున్నది!"

"బిగిస్తున్నవ్ నువ్వు. ఆగు. మరలు పోతయ్. ఆగమంటే ఆగవేంది? నేనే దిగొస్త..."

మొన్న అలాగే దిగబోయి మెట్లమీద పడ్డాడు. ఆమె భయం నోటిదాకా వచ్చేసరికి కోపమైంది.

"నువ్వు జర ఊకో! కదలకు. నేను చేస్కుంట" అని ఫోన్ కట్ చేసింది.

చుట్టూ నిశ్శబ్దమైంది. గడ్డిఅన్నారం నుంచి పండ్ల మార్కెట్ తరలిపోయాక ఈ సందులో పగటిపూట ఇంతే. ఆమె కళ్ళు మూసుకుని పచ్చడి సీసా మూత తీస్తున్నట్టు ఊహించుకుంది. చెయ్యి ఎటు పోయిందో అటు పానా పెట్టి, అరచేత్తో గట్టిగా గుద్దింది. కిర్రుమని నట్టు వదిలింది. చివరి మరలో వేళ్ళమధ్యనుంచి జారి టబ్బులో పడింది. వెచ్చటి నలుపు మోచేతిదాకా కారింది. ఆమెకు నవ్వొచ్చింది.

ధార సన్నబడి చుక్కలయ్యేదాకా చూసి, టబ్బులోంచి నట్టు వెతికి తీసింది. తుడిచి, కొత్త వాషర్ వేసి బిగించింది. ఫిల్టర్ విప్పుతుండగా ఫోన్ మోగింది. రెండు చేతులూ నూనెలో ఉన్నాయి. మళ్ళీ ఏదో తప్పు పడతాడు, మోగనీ అనుకుంది. కాసేపు మోగి ఆగిపోయింది.

కొత్త ఫిల్టర్ రబ్బరుకు నూనె రాసి చేత్తోనే బిగించింది. బయటికొచ్చి, కోసిన సీసాను గరాటులా పెట్టి తేనెరంగు ఆయిల్ పోసింది. స్టార్ట్ చేస్తే ఎర్రలైటు వెలిగి ఆరిపోయింది. ఇంజను గొంతు సవరించుకున్నట్టు మెత్తగా తిరిగింది. కాసేపాగి ఆపేసి, దిగి కిందికి వంగి చూసింది. పుల్ల తీసి ఆయిల్ మట్టం కూడా చూసింది.

"అయిపోయింది! ఒక్క సుక్క కారుతలేదు!" అని బానెట్ పక్కనుంచే పైకి అరిచింది.

పైనుంచి ఉలుకూ పలుకూ లేదు. అలిగాడనుకుంది. నల్లటి చేతులు చూపించి నవ్వించాలని రెండేసి మెట్లు ఎక్కింది.

కృష్ణ నుదురు గ్రిల్లుకు ఆనించి ఉన్నాడు. నిద్ర పట్టిందనుకుంది. మరుక్షణమే గుర్తొచ్చింది, పగటిపూట కూర్చుని నిద్రపోయిన మనిషి కాదతను.

"ఏమయ్యా" అంది. భుజం ముట్టుకుంది. చొక్కాకు నల్లమరక అంటింది.

తర్వాత ఇందిరాదేవి వచ్చింది, డాక్టర్ వచ్చి వెళ్ళాడు, చుట్టాలు వచ్చారు. మధ్యాహ్నం టెంట్ వేయడానికి వచ్చినవాళ్ళు గేటుకు అడ్డంగా కారుంది, ఎవరైనా తీయాలన్నారు. గోడవార కూర్చున్న విజయశ్రీ లేచి, చెయ్యి చాచింది.

"తాళం ఇటియ్యుండ్రి. నేను తీస్త."

బానెట్ దించి, రాళ్ళు తీయించి, బండిని వెనక్కి తీసింది. సందు చివరిదాకా పోనిచ్చింది. బండి ఒక్కసారి కూడా ఉలికిపడలేదు. సందు దాటితే మెయిన్ రోడ్డు, అక్కడినుంచి తిన్నగా పోతే హైవే. ఆమె కాలు ఎక్సిలేటర్ మీద ఒక్కక్షణం ఆగింది. గోడపక్కన నిలిపి ఇంజను ఆపేసింది. ఎన్నిసార్లు కడుక్కున్నా పోని నలుపు చేతుల మీద అలాగే ఉంది.

నడిచి వెనక్కి వచ్చింది. పొద్దున ఎత్తిన బానెట్ చాటున కనపడలేదు గానీ, కూరగాయలు పైకి లాక్కునే తాడుబుట్ట బాల్కనీ నుంచి గోడవెంట కిందికి దిగి ఉంది. లోపల కొబ్బరినూనె సీసా, కాగితంలో చుట్టిన చక్కెర. బండి ఆయిల్ సబ్బుకు పోదు, చక్కెరా కొబ్బరినూనే కలిపి రుద్దుకోవాలి. డ్రైవర్లందరికీ తెలిసిన సంగతి. దీనికే అతను ఫోన్ చేశాడేమో. దీనికోసం గోడ పట్టుకుని వంటింటిదాకా నడిచి ఉంటాడు.

పొట్లం ఒక మూల విడిపోయింది. గ్రిల్లుకు కట్టిన తాడు వెంట చీమలు బారుగా బుట్టలోకి దిగుతున్నాయి.