నెల్డా కొలిచి కొన్న తుపాకీ

మా ఊళ్ళో తుపాకీ కొనాలంటే నా దగ్గరికే రావాలి. కోతలు కోయడం కాదు, ముప్పై ఒక్క ఏళ్ళుగా జరుగుతున్నదే చెబుతున్నాను. ఇనప సామాన్ల కొట్టులో మేకుల డబ్బాలు దాటి వెనక్కి వెళితే గాజుబల్ల అవతల నిలబడి ఉండేది నేనే. మనిషి నడిచి వచ్చే తీరు చూసి వాడికి ఏ తుపాకీ నప్పుతుందో చెప్పేయగలనని నా ధీమా. వెర్లిన్ మాటకి తిరుగులేదని ఈ ఓజార్క్ కొండల్లో సగంమంది అనుకునేవారు. నేనూ అనుకునేవాణ్ణి.

ఆ ధీమా దించింది పరాయివాళ్ళు కాదు, నా సొంత చెల్లెలు నెల్డా.

నెల్డా ఊళ్ళో దర్జీపని చేస్తుంది. పెళ్ళిగౌన్లు సరిచేయాలన్నా, లావెక్కిన షెరీఫ్‌గారి ప్యాంటు వదులు చేయాలన్నా ఆమె చేయి పడాల్సిందే. రెండేళ్ళ క్రితం మా బావ గార్లండ్ గుండె ఆగి పోయాడు. అప్పటినుంచి ఊరికి పదకొండు మైళ్ళ దూరంలో, కంకరరోడ్డు ముగిసిపోయే చోట, వాళ్ళిద్దరూ కట్టుకున్న ఇంట్లో ఒక్కతే ఉంటోంది. జనవరిలో, ఆ ఇంటి పక్క వాగుకి ఎగువనున్న ఖాళీ ఇంట్లో దొంగలు పడి పనిముట్లన్నీ ఎత్తుకుపోయారు. అక్కడ ఫోను సరిగ్గా పలకదు. పోలీసు బయల్దేరి చేరుకునేసరికి ముప్పావుగంట పడుతుంది.

ఇక నేనూ, నా భార్య ఓపల్ ఆమె వెంటపడ్డాం. ఇల్లు అమ్మేసి ఊళ్ళోకి వచ్చెయ్యమన్నాం. మా పక్కవీధిలో అద్దెకి ఒక ఇల్లు కూడా మాట్లాడి పెట్టాను, మే ఒకటినుంచి. నెల్డా కొన్నాళ్ళు వింది, కొన్నాళ్ళు విననట్టు ఊరుకుంది. చివరికి ఒక ఆదివారం చర్చి మెట్లమీద నన్ను ఆపింది.

"అన్నయ్యా, ఒక పందెం. రెండు తుపాకులు కొనే స్తోమత నాకు లేదు. ఒక్కటే కొంటాను. దాంతోనే ఇల్లు కాచుకుంటాను, దాంతోనే అడవి టర్కీ కోడిని కొడతాను. వేట సీజను మొదటిరోజున మా కొండమీద, ఒంటరిగా, పుంజుని కొట్టానంటే ఇంటి మాట మళ్ళీ ఎత్తకూడదు. కొట్టలేకపోతే మే ఒకటికల్లా మూట సర్దుకుని వచ్చేస్తా."

సరేనన్నాను. గార్లండ్ బతికున్నన్నాళ్ళూ ఆమె ఆయన వెనక కూర్చుని చూసిందే తప్ప తుపాకీ ఎత్తలేదు. అద్దె ఇంటికి పరదాలు ఏ రంగువి కొనాలా అని ఓపల్ ఆ రోజే ఆలోచన మొదలుపెట్టింది.

మర్నాడు నెల్డా కొట్టుకి వచ్చింది. మా వ్యాపారంలో ఒక అలవాటుంది: ఆడమనిషి తుపాకీ అడిగిందంటే తేలికైనదీ పొట్టిదీ తీసి ముందు పెడతాం. నేనూ పన్నెండు గేజ్‌లో అన్నిటికన్నా తేలికైనది, కింద చెక్క లాగి తోస్తే తూటా ఎక్కేది, తీసి పెట్టాను. ఆమె దాన్ని ఎత్తింది, దింపింది. మెళ్ళో వేలాడుతున్న టేపు తీసి మోచేతి మడతనుంచి చూపుడువేలిదాకా కొలుచుకుంది. తర్వాత తుపాకీ వెనకచెక్కని కొలిచింది.

"ఇది నాకు అంగుళం పొడుగు. పైగా ఇంత తేలికైతే, పేలినప్పటి దెబ్బంతా ఎక్కడికి పోతుంది? నా భుజంలోకేగా?"

నవ్వాను. తుపాకీ అంటే గౌను కాదమ్మా, ఒంటికి కొలతలు తీయడానికి అన్నాను. అయితే రెండూ కాల్చి చూశాకే కొంటానని, గోడకి రెండేళ్ళుగా దుమ్ము పట్టి ఉన్న ఇరవై గేజ్‌ని చూపించింది. గేజ్ అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది, కానీ ఈ తుపాకీ బరువైనది. ఒకటి పేలాక రెండో తూటాని తనంతట తనే ఎక్కించుకుంటుంది, ఆ పనిలో దెబ్బ సగం మింగేస్తుంది. దాన్ని నేను పిల్లకాయల తుపాకీ అని వెక్కిరించేవాణ్ణి, అందుకే అమ్ముడుపోలేదు.

శనివారం కంకర గుంట దగ్గరికి వెళ్ళాం. నలభై అంగలేసి, అంత దూరంలో అట్టమీద టర్కీ తల, మెడ బొమ్మ గీసి నిలబెట్టాను. పన్నెండు గేజ్‌తో మొదటి దెబ్బ బాగానే వేసింది. మూడోదానికి ట్రిగ్గర్ నొక్కకముందే కళ్ళు మూసుకుంటోంది. చొక్కా మెడ కాస్త పక్కకి లాగి చూపిస్తే భుజం నేరేడుపండు రంగు తిరిగింది. ఇరవై గేజ్‌తో పది తూటాలు కాల్చింది. పదింటికీ మెడలోనూ తలలోనూ తూటాలోని సీసపు గుళ్ళు సరిపడా దిగాయి. గాలి అటునుంచి అనుకూలంగా ఉందని మాత్రం గొణిగాను.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆమె కారులోంచి ఇంకో కాగితపు చుట్ట తీసింది. పడకగది గుమ్మంనుంచి వెనక తలుపుదాకా తన ఇంటి నడవ ఏడు అంగలట, కొలుచుకుని వచ్చింది. అంతే దూరంలో కాగితం కట్టమంది. ఎందుకమ్మా కాగితం దండగ అన్నాను. నడవలో గురి అక్కర్లేదు, గుళ్ళన్నీ వలలా పరుచుకుంటాయి, చప్పుడు ఎటుంటే అటు తిప్పి నొక్కడమే అని చెప్పాను. ముప్పై ఒక్క ఏళ్ళుగా బల్లమీద మోచేతులు ఆనించి అందరికీ చెప్పిన మాటే.

ఆమె ఒక్కసారి కాల్చి, వెళ్ళి కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. నిమ్మకాయంత బెజ్జం పడింది. తుపాకీ మూతిలో బిగించిన టర్కీ చోక్‌ని, అంటే గుళ్ళని దగ్గరగా పట్టి పంపే చిన్న గొట్టాన్ని, విప్పి వదులుదానితో మార్చి ఇంకోటి కాల్చింది. ఈసారి సాసరంత.

"వల ఏదన్నయ్యా?"

నేను ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూశాను. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నేను ఏడు అంగల దగ్గర కాగితం కట్టి చూడలేదు. మా నాన్న చెప్పాడు, నేను చెప్పాను, అంతే. అయినా ఒప్పుకోవడానికి నోరు రాక, ఏదైనా దగ్గరే కదా, చప్పుడు చాలు అన్నాను.

"టర్కీ వేటలో కూత విని కాల్చకు, తల కనబడాలి, రొమ్ముమీద వేలాడే ఈకల గడ్డం కనబడాలి, అప్పుడు గానీ వేలు పెట్టకు అని ఊరందరికీ చెప్పేది నువ్వేగా?"

"అది అడవి. ఇల్లు వేరు."

"తుపాకీ ఒకటేగా. ఒక తుపాకీకి రెండు అలవాట్లు నా చేతికి రావు."

నిజమే, మా కొండల్లో టర్కీ వేటగాళ్ళకి జరిగే ఘోరం ఎప్పుడూ అదే. పొదలో పుంజు కూసిందని కాలుస్తారు. కూసింది పుంజులా కూత పెట్టిన ఇంకో వేటగాడై ఉంటాడు. అది తెలిసీ నేను ఇంటికి వేరే రూలు పెట్టుకున్నాను. ఆమె ఇరవై గేజే కొంది. వెనకచెక్కమీద సుద్దతో గీత గీసి ఇక్కడికి కొయ్యమంది, సణుక్కుంటూ కోశాను. వెనక వసారా దీపం స్విచ్చిని పడకగది గుమ్మం పక్కకి మార్పించుకుందని తెలిసి, ఇక కాపలాకి సైన్యాన్ని కూడా పెట్టించుకో అని ఎగతాళి చేశాను.

ఏప్రిల్‌లో సీజను మొదలయ్యే సోమవారం వచ్చింది. ఒంటరిగా అన్నది పందెం. నాకు మాత్రం మనసు ఆగలేదు. వెనకాల దూరంగా ఉండి చూద్దాం, దారి తప్పితే చేయి అందిద్దాం అనుకున్నాను. ఓడిపోతే కళ్ళారా చూద్దామన్న కోరిక కూడా ఉంది, దాచడమెందుకు. తెల్లారుజామున నాలుగున్నరకి ట్రక్కుని రోడ్డు మలుపులోనే ఆపి, దీపం వేయకుండా, ఆకుపచ్చ బట్టల్లో, మొహానికి వల ముసుగు కట్టుకుని నడిచాను. వేటకి వెళ్ళే ప్రతివాడూ అలాగే నడుస్తాడు. ముందువైపు కిటికీలు చీకటిగా ఉన్నాయి. లేచిందో లేదో చూద్దామని ఇంటి వెనక్కి తిరిగి వసారా మెట్లెక్కాను. రెండో మెట్టు కిర్రుమంది.

లోపల నేలమీద అడుగులు పడ్డాయి.

"ఎవరది? పేరు చెప్పు."

చెప్పొచ్చు కదా అంటారు మీరు. ఇంటి వెనకే కొండ, కొండమీది ఓకు చెట్లమీద పుంజులు నిద్రలో ఉన్నాయి. తెల్లారకముందు మనిషి గొంతు వింటే అవి ఆ రోజుకి కూయవు, దిగవు. మా వైపు వేటగాడు ప్రాణమైనా వదులుకుంటాడు గానీ చెట్టుమీది పుంజుని బెదరగొట్టడు. అందుకని నేను, యాభై ఎనిమిదేళ్ళ పెద్దమనిషిని, గుడ్లగూబలా కూశాను. వేటలో మేం ఒకరినొకరు పిలుచుకునేది ఆ కూతతోనే.

లోపలినుంచి మళ్ళీ అదే ప్రశ్న వచ్చింది. నేను మళ్ళీ కూశాను, ఈసారి ఇంకాస్త తియ్యగా.

తుపాకీలో తూటా ఎక్కిన చప్పుడు వినబడింది. అప్పుడు గుర్తొచ్చింది, చప్పుడు ఎటుంటే అటు తిప్పి నొక్కమని ఆ ఇంటి మనిషికి చెప్పింది నేనేనని. మాకు అడ్డం ఒక్క పలచటి తలుపు. పేరు చెబుదామంటే అదీ చప్పుడే. కదిలితే ఇంకో చప్పుడు అవుతుందని కదలలేదు.

నా నెత్తిమీద దీపం వెలిగింది. తలుపు అద్దంలోంచి చూస్తే నడవ చివర నెల్డా నిలబడి ఉంది. తుపాకీ మూతి నేలవైపుంది. వేలు ట్రిగ్గర్ మీద లేదు, పక్కన చెక్కకి చాచి ఉంది. ముసుగు మనిషి వసారాలో నిలబడి ఉన్నా ఆ వేలు లోపలికి రాలేదు.

"ముసుగు తియ్యి."

తీశాను. ఆమె నా మొహం పోల్చుకుంది. తుపాకీలోంచి తూటాలన్నీ తీసి, వంటగది బల్లమీద పెట్టి, అప్పుడు తలుపు తెరిచింది. గోడకి ఆనుకుని నేలమీద కూలబడింది. నేనూ పక్కన కూర్చున్నాను. నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"అన్నయ్యా, చప్పుడు వైపు తిప్పి నొక్కమని ఎంతమందికి చెప్పావు?"

లెక్క లేదు. వాళ్ళ మొహాలు కొన్ని కళ్ళముందుకి వచ్చాయి, వాళ్ళ ఇళ్ళలో రాత్రిపూట ఆలస్యంగా వచ్చే కొడుకులూ మొగుళ్ళూ కూడా. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

అంతలో కొండమీంచి పుంజు కూసింది, గట్టిగా, ఒకటికి రెండుసార్లు. గుడ్లగూబ కూస్తే పుంజు ఉండబట్టలేక బదులిస్తుంది. నా కూతకే అది ఎక్కడుందో చెప్పేసింది. నెల్డా కళ్ళు తుడుచుకుని లేచింది. వదులు చోక్ విప్పి టర్కీది బిగించి, మూడు తూటాలు జేబులో వేసుకుంది. నేనూ లేవబోయాను.

"నువ్వు ఇక్కడే. ఒంటరిగా అనేగా మాట."

వసారాలో కూర్చున్నాను. తూర్పు తెల్లబడింది, వాగు పక్కన డాగ్‌వుడ్ పూలు కనబడసాగాయి. ఆరుంబావుకి ఒక్క పేలుడు వినబడింది. రెండోది వస్తుందేమోనని చెవులు రిక్కించాను, రాలేదు. అరగంటకి కొండ దిగి వచ్చింది, భుజాన ఇరవై రెండు పౌండ్ల పుంజు, దాని రొమ్ము గడ్డం పది అంగుళాలు. నా కన్నీళ్ళు ఆగలేదు. గార్లండ్ ఉంటే బాగుండును అన్నాను. ఉంటే ఆయన్నీ వసారాలోనే కూర్చోబెట్టేదాన్ని అంది.

సీజను మొదటిరోజున అందరూ పుంజుల్ని తెచ్చి తూచేది దాణా కొట్టు ముందర. అక్కడ ఇరవైమంది మగవాళ్ళ మధ్య నిలబడి జరిగిందంతా చెప్పాను, గుడ్లగూబ కూతతో సహా. నవ్వారు, నవ్వనిచ్చాను. తర్వాత ఇన్నేళ్ళూ మీకు తప్పు చెప్పానని, చూడకుండా కాల్చొద్దని, నేను బతికున్నది మా చెల్లెలు నా మాట విననందుకేనని చెప్పాను. నవ్వు ఆగిపోయింది. ఒకరిద్దరు టోపీలు తీశారు. చెప్పుకుంటే చిన్నతనం కావాల్సిన మాటే, కానీ చెబుతుంటే నా ఛాతీ ఉప్పొంగింది.

ఇంటికి వచ్చేసరికి ఓపల్ పరదాల గుడ్డ బల్లమీద పరుచుకుని కూర్చుంది. నెల్డా ఎప్పుడొస్తోంది అని అడిగింది. రాదన్నాను, అద్దె ఇంటాయనకి ఫోను చేసి వద్దని చెప్పేశానన్నాను.

"అంత దూరాన ఒక్కతే! భయం లేదూ?"

"ఎవరికి భయం? ఈ జిల్లా మొత్తంలో చీకట్లో వెళ్ళి నేను ధైర్యంగా తలుపు తట్టగలిగిన ఇల్లు అదొక్కటే."