అచ్చులో మిగలని కొసలు

ఆ ఫోను పక్కన పెట్టి, ఇట్లా ఈ అవ్వ మోకాలి దగ్గరికి జరిగి కూర్చో దుర్గా. వీధిలో వాళ్లు మీ ధనుంజయ మామను సోమరి అంటే నువ్వూ నవ్వావట. తిట్టనులే, విను.

ధనుంజయ నా తమ్ముడు గురుస్వామి కొడుకు. కోడుమూరులో మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. తెల్లారకముందే వాడి మగ్గం మోగేది. ఆ చప్పుడు వినే నేను పొయ్యి ముట్టించేదాన్ని. వాడు చీర అంచు మీద హంసను దించితే ఈకలు లెక్కపెట్టుకోవచ్చు. అట్లాంటివాడు నిరుడు ఉగాది దాటాక మంచం పట్టాడు. జ్వరం లేదు, దెబ్బ లేదు. ముద్ద నోటికందిస్తే తింటాడు, లేకపోతే అడగడు.

గురుస్వామి తల కొట్టుకునేవాడు. "తాగుబోతన్నా సారాయంగడి దాకా నడుస్తాడు కదక్కా! వీడు దానికీ లేయడే!"

నేను పక్కన కూర్చుని అడిగితే, ధనుంజయ గోడకు తిరిగే చెప్పాడు. "లేయల్లని తెలుస్తాండాది అత్తా. తెలిసేది తల వరకే. కాలి దాకా రావడంల్యా."

వాడి భార్య మహేశ్వరి పట్టుబట్టి కర్నూలుకు తీసుకుపోయింది. నేనూ, గురుస్వామీ వెంట పోయాం. డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. "మెదడులో కొన్ని రసాయనాలు ఉంటాయి పెద్దాయనా. పని మీదికి మనసును తోసేవి అవే. ఇతనికి అవి సరిగ్గా పనిచేయడం లేదు. ఇది సోమరితనం కాదు. మందు పట్టడానికి వారాలు పడుతుంది. ముందు చిన్న పని ఏదైనా చేయనివ్వండి" అంది.

బస్సెక్కాక గురుస్వామి గొణిగాడు. "రసాయనమంట! మా నాయన బెత్తం తీస్తే అన్నీ ఊరుతాండె."

మగ్గం సంగతి నీకు తెలియదు కదా, చెబుతాను. పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోతే నేతగాడు అచ్చును, ఆ పోగులు దూరే దువ్వెనలాంటి చట్రాన్ని, ఖాళీ చేయడు. పాత పోగుల కొసలు అందులోనే వదిలి, పోగు జారకుండా వేళ్లకు బూడిద అద్దుకుని, కొత్త పోగులను వాటికి ఒక్కొక్కటే పురిపెట్టి అతుకుతాడు. కొసలు లేకపోతే ప్రతి పోగునూ మళ్లీ అచ్చు కన్నుల్లో దూర్చుకుంటూ రావాలి. గట్టివాడికే ఓపిక చాలదు. మా ఇళ్లలో నేసే మనిషి పోతే తప్ప కొసలు తీయరు.

మందు మొదలుపెట్టి కొన్నాళ్లయినా వాడు లేవలేదు. ఒకనాడు గురుస్వామి కోపం పట్టలేక వాడి అచ్చులోని ఆ కొసలన్నీ పీకిపారేశాడు. "సచ్చినోని మగ్గం మాదిరి చేసినా. ఇది చూసైనా రోషమొస్తాది వానికి!"

నేను అరిచేసరికే పోగులు నేల మీద ఉన్నాయి. ధనుంజయ గోడకు తిరిగే ఉన్నాడు, ఇటు చూడనే లేదు.

తర్వాత ఒక పొద్దున గోడవతల మంచం కిర్రుమంది. పరుగెత్తి పోయాను. ధనుంజయ ముఖం కడుక్కుని, మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్నాడు. మహేశ్వరి గడప దగ్గర నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది.

"రెండు పోగులు అతుకుతా అత్తా. ఈపొద్దుకు అంతే," అన్నాడు. ఆ గొంతు విని ఎన్ని నెలలయిందో!

బూడిద అద్దుకున్న వేళ్లు అచ్చు మీద అటూ ఇటూ తడిమాయి.

"కొసలు యాడ?"

గురుస్వామి వచ్చి కొడుకు పక్కన కూర్చున్నాడు. "నేనే పీకేసినా నాయనా."

కోప్పడినా బాగుండేది దుర్గా. తండ్రిని నాలుగు మాటలన్నా సంతోషపడేవాళ్లం. వాడు వేళ్లను లుంగీకి తుడుచుకున్నాడు. గుంతలోంచి కాళ్లు తీసి, మళ్లీ పోయి గోడకు తిరిగి పండుకున్నాడు.

డాక్టరమ్మ మందు మార్చింది. ఓపిక పట్టమంటోంది. గురుస్వామికి కంట్లో పొర. అయినా రోజూ కూర్చుని అచ్చు కన్నుల్లో పోగులు దూరుస్తుంటాడు. ఒకటి తప్పితే అన్నీ తీసి మళ్లీ మొదలు. "వాడు ఎప్పుడు లేచినా చేతికి కొసలు దొరకల్ల అక్కా," అంటాడు. ఆ మంచం మాత్రం మళ్లీ కిర్రుమనలేదు. చప్పుడు లేక, పొయ్యి ఎప్పుడు ముట్టించాలో నాకిప్పుడు తెలియడం లేదు.

నేను పోయాక కూడా ఇది నీకు గుర్తుండాలి తల్లీ. ఎవరింట్లోనైనా మనిషి గోడకు తిరిగి పండుకుంటే, ఆ ఇంటివాళ్లకు మీ మామ కత చెప్పు. ఆ పొద్దున వాడి వేళ్లకంటిన బూడిద సంగతి మరిచిపోకుండా చెప్పు.