కారు అడిగిన ప్రశ్న

పెడనకని బయల్దేరి మైలవరం చేరిన ఘనత మా ఇంట్లో నాకొక్కదానికే ఉంది. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక్క మలుపు తప్పాను. తప్పానని తెలిశాక వెనక్కి తిరగడానికి పౌరుషం అడ్డొచ్చింది. మా ఆయన ఇప్పటికీ చుట్టాలందరికీ ఆ కథ చెబుతారు, నేను పక్కనే ఉన్నా సరే.

డ్రైవింగ్ నాకు బాగానే వచ్చు, దారులే గుర్తుండవు. మా కొట్లోకి చీరలు తేవడానికి మగ్గాల ఊళ్ళకు వెళ్ళినప్పుడల్లా ఆయన పక్కన కూర్చుని ఎటు తిరగాలో చెప్పేవారు. మొన్న వేసవిలో ఆయన వెన్నుపూస జారింది. డాక్టరుగారు కారు ఎక్కడమే వద్దన్నారు. అది విన్నప్పటి నుంచి మా ఆయన పెదనాన్న కొడుకు రోజూ ఫోన్ చేసేవాడు. శ్రావణమాసం సరుకు తాను తెస్తాడట, వదినకెందుకు శ్రమట. ఒక్కసారి అతని చేతిలో పెడితే ఆ తిరుగుడు ఇక నాకు దక్కదు. మగ్గం మీదున్న చీర అంచు వేళ్ళతో తడిమి చూడటం, రంగుల మీద నేతవాళ్ళతో వాదించడం, అదీ నాకు నేనుగా సంపాదించుకున్న సంతోషం. ఆరు నూరైనా వదలనన్నాను.

దాంతో ఆయనే నన్ను ఆటోనగర్ పంపారు. అక్కడ మెకానిక్ యేసుబాబుగారు కారుతో వచ్చిన పాత స్టీరియో ఊడదీసి, దారి చెప్పే పెద్ద తెర రేడియో బిగించారు. డ్యాష్‌బోర్డు పట్టీలు టకటకమని ఊడుతుంటే నా పళ్ళు పీకుతున్నట్టే అనిపించి అటు తిరిగి నిలబడ్డాను. ఫోన్లో మ్యాప్ చాలదా అంటారేమో. మలుపు దగ్గరకొచ్చేసరికి ఎవరో ఒకరు ఫోన్ చేయడం, ఆ మ్యాప్ కాస్తా మాయమవడం, నాకు బాగా అనుభవం. ఈ రేడియోకైతే ఊరి పేరు చెబితే చాలు, ప్రతి మలుపుకూ తెలుగులో పిలిచి మరీ చెబుతుంది.

మర్నాడు పొద్దున్నే సంచులు సర్దుకుని కారెక్కి తాళం తిప్పాను.

"ఎక్కడికి వెళ్ళాలి?" అని అడిగింది రేడియో, వీధి చివరిదాకా వినపడేలా.

వంటింట్లోంచి మా అత్తయ్య చౌడేశ్వరమ్మగారు ఆగమని కేకేసింది. బయల్దేరే మనిషిని ఎక్కడికని అడగకూడదు. అంతగా తెలుసుకోవాలనుంటే దూరమా అని అడగాలి. మామయ్యగారు చివరిసారి స్కూటర్ తీస్తుంటే దారిన పోయేవాళ్ళెవరో ఎక్కడికని అడిగారట, ఆయన మళ్ళీ ఇంటికి రాలేదు. అందుకని ఆవిడ నన్ను దింపి, కాళ్ళు కడిగించి, కాసేపు కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి పంపింది. మళ్ళీ తాళం తిప్పాను. అది మళ్ళీ అడిగింది. మళ్ళీ కాళ్ళు, మళ్ళీ నీళ్ళు. ఈలోగా రాహుకాలం వచ్చి కూర్చుంది.

శబ్దం పూర్తిగా తగ్గించేస్తానన్నాను. మనకి వినపడకపోతే అడగనట్టా అంది అత్తయ్య. యేసుబాబుగారికి ఫోన్ చేస్తే, ఆ ప్రశ్న తీసేయడం తన వల్ల కాదన్నారు. దాని నోరు మూయిస్తే దారి కూడా చెప్పదట.

నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఈ చాదస్తంతో నా పని నాకు కాకుండా చేస్తున్నారని అత్తయ్యను గట్టిగానే అన్నాను. లెక్కచేయకుండా వెళ్ళిపోదును గానీ, నేను తిరిగొచ్చేదాకా ఆవిడ మెతుకు ముట్టదు, పైగా షుగరు మనిషి. సాయంత్రం మా ఆయన, ఈసారికి తమ్ముణ్ణి వెళ్ళమందామా అన్నారు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. రేపు ఒక్కరోజు చూడమన్నాను.

తెల్లారి నేను సంచులతో బయటికొచ్చేసరికి, అత్తయ్య తలస్నానం చేసి, డ్రైవర్ సీట్లో కూర్చుని ఉంది. ఆవిడ ఏనాడూ ముందు సీట్లోనే కూర్చోలేదు. నేను నోరు తెరిచేలోగా తాళం కాస్త తిప్పింది.

"ఎక్కడికి వెళ్ళాలి?"

"పెడన," అంది అత్తయ్య, చెవిటివాళ్ళకు చెప్పినట్టు గట్టిగా. తెర మీద దారి పరుచుకుంది. ఆవిడ మెల్లగా కిందికి దిగింది.

"అడిగేదేదో నన్నడిగేసింది. నాకేం ప్రయాణం లేదుగా, నన్నేం పట్టుద్ది? ఇహ నిన్నడగదు. ఎక్కు, మల్లీ."

నేనన్ని మాటలంటే, ఈ మనిషి నన్ను పంపే ఉపాయం కోసం ఆలోచిస్తూ పడుకుందన్నమాట. నా కోసం ఇంతగా ఆలోచించినవాళ్ళు ఈ ఇంట్లో ఇంకొకరు లేరు. ఎక్కి ఇంజన్ స్టార్ట్ చేశాను. రేడియో ఏమీ అడగలేదు.

అత్తయ్య గబగబా లోపలికి నడిచింది. మామయ్యగారు పోయినప్పటి నుంచి ఇంట్లో ఎవరు బయల్దేరుతున్నా ఆవిడ తలుపు చాటుకు తప్పుకుంటుంది. భర్త పోయినవాళ్ళు ఎదురు రాకూడదట. అద్దం దించి పిలిచాను.

"అత్తయ్యా, మీరు ఎదురు రండి. మీరొస్తేనే కదులుతాను."

"పొద్దున్నే ఏం మాటలే అవి. పోయిరా."

"అయితే ఇంజన్ ఆపేస్తా. ఆపితే అది మళ్ళీ అడుగుద్ది."

ఆవిడ గుమ్మం దగ్గరే ఆగింది. నా చెయ్యి తాళం మీదే ఉంది. నన్నూ చేతినీ మార్చి మార్చి చూసి, చెంగు భుజాల చుట్టూ కప్పుకుని, కారు పక్కగా వీధిలోకి నడిచింది. అక్కడ ఒక్క క్షణం నిలబడింది. తర్వాత వెనక్కి తిరిగి, తల వంచకుండా, నాకు ఎదురు వచ్చింది.